బడి ఎవరి చేతిలో ఉంది? యిర్కలలో మండవుయ్ యునుపింగు చేసిన పని

ఆస్ట్రేలియా ఆదివాసి పిల్లల చదువు గురించి అక్కడి ప్రభుత్వాలు రాయించిన నివేదికలన్నిటిలోనూ దాదాపు ఒకే రకం ప్రశ్నలు కనిపిస్తాయి. పిల్లలు బడికి ఎందుకు రావడం లేదు? ఇంగ్లిష్ చదవడం ఎందుకు పట్టుబడడం లేదు? టీచర్లు నాలుగు రోజులు నిలవకుండా ఎందుకు వెళ్లిపోతున్నారు? ఎంత డబ్బు పెడితే ఇది బాగుపడుతుంది? ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే. కానీ వీటన్నిటికంటే ముందు అడగవలసింది ఒకటుంది: ఆ బడిలో ఏం నేర్పాలో, ఎవరు నేర్పాలో, ఎలా నేర్పాలో తేల్చేది ఎవరు? ఉత్తర ఆస్ట్రేలియాలో, ఆర్నెమ్ ల్యాండ్ ఈశాన్య కొసన ఉన్న యిర్కల అనే చిన్న ఊరి బడి చరిత్ర ఈ ప్రశ్న దగ్గరికే మనల్ని మళ్లీ మళ్లీ తీసుకొస్తుంది. ఆ చరిత్రలో ముఖ్యుడు మండవుయ్ యునుపింగు (1956–2013). లోకానికి ఆయన యోతు యిండి బృందం గాయకుడిగా తెలుసు. వృత్తికి ఆయన బడి టీచరు. ఆయన మాతృభాషను తరగతి గదిలోకి తెచ్చాడని చాలామంది మెచ్చుకుంటారు. నిజానికి ఆ పని ఆయన కంటే ముందే ప్రభుత్వం మొదలుపెట్టింది. ఆయనా ఆయన తోటివాళ్లూ చేసింది అంతకంటే కష్టమైన పని. బడి మీద పెత్తనాన్ని ఊరివాళ్ల చేతికి తెచ్చారు. ప్రభుత్వం ఇచ్చినదాన్ని తర్వాత ప్రభుత్వమే రెండుసార్లు వెనక్కి లాక్కుంది. ఊరు కూడగట్టుకున్నది మాత్రం నిలిచింది. ఆదివాసి చదువులో ఏది పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ఈ తేడాను అర్థం చేసుకోవాలి.

యిర్కల డార్విన్ నగరానికి తూర్పున 600 కిలోమీటర్లకు పైగా దూరంలో, గోవ్ ద్వీపకల్పం మీద ఉంది. అక్కడివాళ్లు యోల్ంగు జనం. దువా, యిరిచ అనే రెండు పక్షాలుగా, వాటిలో మళ్లీ అనేక వంశాలుగా వాళ్ల సమాజం ఏర్పడి ఉంది. ఒక్కో వంశానికి తన నేల, తన పాటలు, తన భాషా రూపం ఉంటాయి. బయటివాళ్లంటే తెలియని జనం కాదు వాళ్లు. సులవేసి దీవి నుంచి మకాసర్ వర్తకులు సముద్ర దోసకాయల కోసం తరతరాలుగా ఆ తీరానికి వచ్చిపోయేవాళ్లు. 1900ల మొదట్లో ఆస్ట్రేలియా అధికారులు ఆ రాకపోకలను ఆపేశారు. 1931లో ఆర్నెమ్ ల్యాండ్‌ను ఆదివాసుల రిజర్వుగా ప్రకటించారు. 1935లో మెథడిస్టు మిషన్ యిర్కలలో స్థిరపడింది, దాని వెనకే బడి వచ్చింది. దక్షిణాన పరిస్థితి ఇంకా ఘోరం. న్యూ సౌత్ వేల్స్‌లో తెల్లవాళ్ల తల్లిదండ్రులు అభ్యంతరం చెబితే ఆదివాసి పిల్లల్ని ప్రభుత్వ బడి నుంచి పంపేసే ఆచారం 1902 నుంచి అమలైంది. దాన్ని పూర్తిగా తీసేసింది 1972లో. యిర్కలలో పిల్లల్ని బడి నుంచి గెంటలేదు, రమ్మనే పిలిచారు. కానీ లోపల వాళ్లకు ఎదురైన చదువులో వాళ్ల ఊరి జ్ఞానానికి చోటు లేదు. ఏ పాఠం చెప్పాలన్నా, ఏ శిక్ష వేయాలన్నా నిర్ణయం బయటివాళ్లదే. గెంటేసిన బడికీ పిలిచిన బడికీ ఎంతో తేడా ఉన్నా ఈ ఒక్క విషయంలో రెండూ ఒకటే.

యునుపింగు బాల్యంలోనే యిర్కల దేశమంతటికీ తెలిసింది. 1963లో ప్రభుత్వం బాక్సైట్ గని కోసం రిజర్వులోంచి పెద్ద ముక్కను, అక్కడి జనాన్ని అడగకుండానే, వేరు చేసింది. యోల్ంగు పెద్దలు చెట్టు బెరడు మీద తమ వంశాల బొమ్మలు గీసి, మధ్యలో తమ భాషలోనూ ఇంగ్లిష్‌లోనూ టైపు చేసిన అర్జీని అంటించి పార్లమెంటుకు పంపారు. ఆ బొమ్మలు అలంకారం కోసం వేసినవి కావు. ఆ నేల ఎవరిదో యోల్ంగు చట్టం ప్రకారం రుజువు చేసే పత్రాలవి. అర్జీ మీద పార్లమెంటు విచారణ సంఘం వేసింది, గని మాత్రం ఆగలేదు. ఊరివాళ్లు కోర్టుకెక్కారు. 1971లో జస్టిస్ బ్లాక్‌బర్న్ తీర్పు చెప్పాడు. యోల్ంగు జనానికి చక్కని కట్టుదిట్టమైన చట్టవ్యవస్థ ఉందని ఆయన ఒప్పుకున్నాడు. అయితే ఆ వ్యవస్థ వల్ల ఆస్ట్రేలియా చట్టం గుర్తించే భూమి హక్కేదీ వాళ్లకు రాదన్నాడు. ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. మీ జ్ఞానం గొప్పదే గాని అధికారం మాత్రం మీది కాదు అన్నదే ఆ తీర్పు సారాంశం. తర్వాత కమిషన్ వేసి, 1976లో పార్లమెంటు యిర్కల ఉన్న నార్తర్న్ టెరిటరీకి ఆదివాసి భూమి హక్కుల చట్టం తెచ్చింది. భూమి విషయంలో ఆ లోటు కొంతవరకు పూడింది. బడి విషయంలో మాత్రం బ్లాక్‌బర్న్ తీర్పులోని ధోరణే ఇంకా చాలాకాలం సాగింది.

1972 డిసెంబరులో గఫ్ విట్లమ్ ప్రభుత్వం అధికారంలోకి వచ్చిన కొద్ది రోజులకే ఆదివాసి గ్రామాల్లో పిల్లలకు మొదటి చదువు వాళ్ల భాషలోనే మొదలుపెడతామని ప్రకటించింది. 1973లో నార్తర్న్ టెరిటరీలో ఐదు బళ్లలో ద్విభాషా బోధన మొదలైంది, మరుసటి ఏడాది యిర్కల కూడా చేరింది. ఇది చిన్న మార్పు కాదు. భాషాశాస్త్రవేత్తలు వచ్చారు. యోల్ంగు భాషల్లో పుస్తకాలు అచ్చువేసే కేంద్రం బడిలోనే వెలిసింది. ఇంట్లో వినే మాటలను అచ్చులో చదివే పిల్లలు తయారయ్యారు. అయితే ఆ పథకం నిర్మాణం చూస్తే దాని పరిమితి తెలుస్తుంది. కింది తరగతుల్లో మాతృభాష ఎక్కువ, ఏడాది ఏడాదికీ అది తగ్గుతూ పై తరగతులకు వచ్చేసరికి దాదాపు అంతా ఇంగ్లిష్. అంటే పిల్లవాణ్ణి ఇంగ్లిష్ దగ్గరికి చేర్చేవరకే మాతృభాషతో పని. లెక్కలంటే పడమటి లెక్కలే, సైన్సంటే పడమటి సైన్సే. వాటిని యోల్ంగు మాటల్లో చెప్పారు, అంతే. ప్రిన్సిపాల్ తెల్లవాడు, క్లాసు టీచరు తెల్లవాడు, పక్కన నిలబడి మాటలు అందించేది యోల్ంగు సహాయకుడు. పిల్లలతో ఎక్కువ మాట్లాడేది, వాళ్ల తల్లిదండ్రుల్ని ఎరిగింది ఆ సహాయకుడే అయినా జీతంలోనూ మాట చెల్లుబాటులోనూ అడుగున ఉండేది కూడా అతనే. భాషకు గుర్తింపు వచ్చింది, అధికారం మాత్రం పాతచోటే ఉంది.

యునుపింగు తన ఉద్యోగం ఆ సహాయకుడి స్థానం నుంచే మొదలుపెట్టాడు. గుమాచ్ వంశ పెద్ద ముంగురావుయ్ కొడుకు ఆయన. భూమి హక్కుల పోరాటంలో పేరుపొందిన గలర్వుయ్ ఆయన అన్న. మిషన్ బడిలో చదివి, 1970ల్లో ఊరి బడిలోనే పనిలో చేరాడు. ముందుకు పోవడానికి అడ్డం ఏమిటో ఆయనకు త్వరలోనే అర్థమైంది: సర్టిఫికెట్. పూర్తి టీచరు కావాలంటే ఊరు విడిచి ఏళ్ల తరబడి వేరే చోట చదవాలి. ఊరు విడిచినవాడికి పెళ్లిళ్లు, కర్మలు, వంశ బాధ్యతలు అందవు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి ఏ తెలివి కోసం అతన్ని టీచరుగా కోరుకున్నారో ఆ తెలివే పలచబడి ఉంటుంది. ఈ చిక్కుకు బ్యాచలర్ కాలేజీ, డీకిన్ విశ్వవిద్యాలయం కలిసి ఒక దారి చూపాయి. ఉపాధ్యాయులు తమ ఊళ్లోనే ఉంటూ, తమ బడినే చదువుకు వస్తువుగా తీసుకుని డిగ్రీ చదివే ఏర్పాటది. యునుపింగు 1980ల చివర డీకిన్ నుంచి విద్యలో డిగ్రీ అందుకున్నాడు. ఆర్నెమ్ ల్యాండ్ ఆదివాసుల్లో విశ్వవిద్యాలయ పట్టా పొందిన తొలి వ్యక్తి ఆయనే. ఒక మనిషి సాధించిన ఘనతగా దీన్ని చూస్తే అసలు సంగతి తప్పిపోతుంది. ఊరు వదలకుండా అర్హత సంపాదించే దారి తెరుచుకోవడంతో ఒక్కరు కాదు, ఒక వరసంతా తయారైంది. రేమట్జ మారిక, యల్మయ్ యునుపింగు లాంటివాళ్లు కూడా అదే కాలంలో అదే బడిలో పెరిగిన ఉపాధ్యాయులు.

1980ల్లో యిర్కల బడిలోని యోల్ంగు సిబ్బంది ఒక కార్యాచరణ బృందంగా కూడారు. దాని ఏర్పాటులో యునుపింగు పాత్ర పెద్దది. ప్రిన్సిపాల్ చేతిలోని నిర్ణయాలను ఒక్కొక్కటిగా ఈ బృందం చర్చకు తెచ్చింది. ఎవరు ఏ తరగతికి చెప్పాలి, ఏ కాలంలో ఏ పాఠం పెట్టాలి, కర్మలు జరుగుతున్నప్పుడు బడి ఎలా నడవాలి, బయటి నుంచి వచ్చిన టీచరు ఎవరి మాట వినాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. వీళ్ల పైన వంశ పెద్దల మాట ఉండేది. ఏ జ్ఞానం ఎవరు చెప్పవచ్చో, పిల్లల ముందు ఏది బయటపెట్టవచ్చో, ఏది పెట్టకూడదో చెప్పే హక్కు వాళ్లదే. 1990లో యునుపింగు ఆ బడికి ప్రిన్సిపాల్ అయ్యాడు. అదే కాలంలో దేశం మొత్తం ఇటువైపు కదులుతోంది. 1988లో పాల్ హ్యూజ్ అధ్యక్షతన ఏర్పడిన బృందం సిఫార్సుల మీద తయారైన జాతీయ ఆదివాసి విద్యావిధానం 1990 నుంచి అమల్లోకి వచ్చింది. దానిలో 21 లక్ష్యాలున్నాయి. వాటిలో ముందువరసలో పెట్టినవి చదువు గురించిన నిర్ణయాల్లో ఆదివాసుల భాగస్వామ్యానికి సంబంధించినవి. హాజరు, మార్కులు ఆ తర్వాత వచ్చాయి. వరస అలా ఉండాలని ఆదివాసి విద్యావేత్తలు పట్టుబట్టడానికి కారణం యిర్కలలాంటి చోట్ల వాళ్లు చూసిందే.

అధికారం చేతికొచ్చాక వాళ్లు ఏం చేశారన్నది ఇంకా ముఖ్యం. చాలామంది అనుకునేట్టు ఇంగ్లిష్‌ను తోసేసి పాత కథలు చెప్పుకుంటూ కూర్చోలేదు. రెండు జ్ఞానవ్యవస్థలు సమాన హోదాతో ఎదురుపడే పాఠ్యప్రణాళిక కట్టాలనుకున్నారు. దానికి వాళ్లు సిద్ధాంతాన్ని యోల్ంగు ఆలోచనలోంచే తీసుకున్నారు. మడ అడవుల దగ్గర సముద్రం నుంచి వచ్చే ఉప్పునీటి పాయ, నేలమీంచి వచ్చే మంచినీటి పాయ కలిసే చోటును గన్మ అంటారు. ఆ రెండూ కలిసినా దేని స్వభావం దానికి ఉంటుంది, కలిసిన చోట కొత్త బలం పుడుతుంది. యోల్ంగు చదువు, పడమటి చదువు బడిలో అలా కలవాలన్నది యునుపింగు వాదన. దీన్ని ఆయన తన రచనల్లోనూ, 1993లో ఆస్ట్రేలియా రేడియోలో ప్రసారమైన బోయర్ ఉపన్యాసాల వరసలోనూ వివరించాడు. ఆచరణలో ఇది గల్త అనే కార్యశాలల రూపం తీసుకుంది. పెద్దలు, టీచర్లు, పిల్లలు కలిసి ఒక వంశం నేల మీదికి వెళతారు. అక్కడ ఏం నేర్చుకోవాలో పెద్దలు నిర్ణయిస్తారు. ఆ చోటి కథ, పాట, చెట్టు, చేప, బంధుత్వం చదువుకుని బడికి తిరిగొచ్చి దాన్ని రాత, లెక్క, బొమ్మల్లో విస్తరిస్తారు. పాఠం పుట్టేది ఊరిలో, పెరిగేది తరగతి గదిలో. పాత బడిలో పాఠం రాజధానిలో పుట్టి ఊరిలోకి దిగేది. దిశ మారింది.

ఈ పని ఎంత లోతుకు వెళ్లిందో లెక్కల పాఠం చూస్తే తెలుస్తుంది. హెలెన్ వెరాన్ అనే తత్త్వవేత్త సాయంతో యోల్ంగు టీచర్లు గర్మ లెక్కలు అనే ప్రణాళిక తయారుచేశారు. అందులో ఒక భాగానికి పునాది గురుటు, అంటే బంధుత్వాల వ్యవస్థ. మేనమామ, మేనత్త, బావ, మరదలు అంటూ వరసపెట్టి పిలుచుకునే తెలుగువాళ్లకు దీని రుచి త్వరగానే తెలుస్తుంది. వరస తెలిస్తే ఎవరితో ఎలా నడుచుకోవాలో, ఎవరితో పెళ్లి కుదురుతుందో, ఎవరికి ఏ బాధ్యతో తెలిసిపోతుంది. యోల్ంగు జనంలోనూ మేనమామ కూతురు పెళ్లికి తగిన వరసే. పిల్లలు తండ్రి పక్షానికి చెందుతారు, తల్లిది ఎప్పుడూ ఎదుటి పక్షం. అందువల్ల తల్లి తల్లి మళ్లీ మన పక్షానికే వస్తుంది. ఈ నియమం మనుషులతో ఆగదు. నేలలకు, పాటలకు, జంతువులకు కూడా వరసలుంటాయి. కొన్ని పేర్లు, ఒక నియమం, ఆ నియమాన్ని మళ్లీ మళ్లీ వర్తింపజేస్తూ పోతే అంతులేని సంబంధాల అల్లిక. పది అంకెలు, ఒక నియమం, ఎంతదూరమైనా పోయే సంఖ్యలు కూడా అటువంటి నిర్మాణమే. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి నేర్పితే పిల్లవాడు సంఖ్యల్ని పరాయి వస్తువుగా చూడడు, తన ఇంట్లోని తర్కానికి మరో రూపంగా చూస్తాడు. ఇలాంటి ఆలోచన డార్విన్‌లోని ఆఫీసులో పుట్టదు. గురుటు తెలిసిన మనిషికి పాఠం మార్చే హక్కు ఉన్నప్పుడే పుడుతుంది.

దీనికి ఎదురుగా వచ్చే మొదటి అభ్యంతరం గట్టిది, నిజాయితీ ఉన్నది. ఉద్యోగం, కోర్టు, ఆస్పత్రి, ప్రభుత్వం అన్నీ ఇంగ్లిష్‌లో నడిచే దేశంలో ఆదివాసి పిల్లవాడికి కావలసింది గట్టి ఇంగ్లిష్. దాన్నుంచి తీసే ప్రతి గంటా వాడి భవిష్యత్తులోంచి తీసినట్టే అంటారు కొందరు ఆదివాసి నాయకులు కూడా. ఇంగ్లిష్ అవసరమన్న మాటలో సందేహం లేదు. యిర్కల పెద్దలకూ ఆ సందేహం లేదు. 1963 అర్జీ రెండు భాషల్లోనూ ఉండడం ఊరికే జరగలేదు. యునుపింగు కూడా ఇంగ్లిష్‌లో డిగ్రీ చదివాడు, ఇంగ్లిష్‌లో ఉపన్యసించాడు, ఇంగ్లిష్ కలిపి పాటలు కట్టాడు. వాదం ఉన్నది ఇంగ్లిష్ నేర్పాలా వద్దా అన్నచోట కాదు, అది ఎలా వస్తుందన్నచోట. ఇంట్లో ఒక్క ముక్క ఇంగ్లిష్ వినని ఐదేళ్ల పిల్లకు మొదటి రోజు నుంచీ ఇంగ్లిష్‌లోనే చదవడం నేర్పితే ఆమె ఒకేసారి రెండు కొత్త పనులు మోయాలి: అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధం పట్టుకోవాలి, ఆ శబ్దానికి అర్థం కూడా వెతుక్కోవాలి. తెలిసిన భాషలో మొదటి పని నేర్చుకుంటే అది రెండో భాషకు అలాగే పనికొస్తుంది. గంటలు లెక్కపెట్టి ఇంగ్లిష్‌కు ఎక్కువ సమయం ఇస్తే ఇంగ్లిష్ ఎక్కువ వస్తుందన్న లెక్క పైకి సులువుగా కనిపిస్తుంది గాని, చదువు వచ్చే తీరు అది కాదు.

ప్రభుత్వం ఆ సులువు లెక్కనే రెండుసార్లు నమ్మింది. 1998 డిసెంబరులో నార్తర్న్ టెరిటరీ ప్రభుత్వం ద్విభాషా బోధనను నిలిపివేస్తామని ప్రకటించింది. ఊళ్లన్నీ తిరగబడ్డాయి. 1999లో వచ్చిన సమీక్ష రెండువైపుల చదువు అనే పేరుతో దాన్ని కొనసాగించే దారి వదిలింది. 2008 అక్టోబరులో మళ్లీ దెబ్బ పడింది. ఆ ఏడాదే తొలిసారి జరిగిన జాతీయ పరీక్షల్లో మారుమూల బళ్ల ఫలితాలు చాలా తక్కువగా రావడంతో, ప్రతి బడిలోనూ రోజులో మొదటి నాలుగు గంటలు ఇంగ్లిష్‌లోనే నడవాలని ఆదేశించారు. పిల్లలు అలసిపోయిన చివరి వేళ మాతృభాషకు మిగిలింది. ద్విభాషా బళ్ల ఫలితాలు తక్కువన్న వాదనకు చూపిన అంకెలను భాషాశాస్త్రవేత్తలు జేన్ సింప్సన్, జో కాఫరీ, పాట్రిక్ మెక్‌కాన్వెల్ 2009లో పరిశీలించి, ఆ నిర్ణయానికి అవి ఆధారం కాలేవని వివరించారు. అప్పటికి మాతృభాషలో చెబుతున్న బళ్లు కొన్నే. మారుమూల బళ్లలో చాలావాటిలో బోధన ముందునుంచీ ఇంగ్లిష్‌లోనే సాగుతోంది, అక్కడా ఫలితాలు తక్కువే. జబ్బుకు కారణం మాతృభాషే అయితే అది లేనిచోట జబ్బు ఉండకూడదు కదా. 2012లో దేశ పార్లమెంటు ప్రతినిధుల సభ సంఘం కూడా ద్విభాషా బోధనను సమర్థించింది. నాలుగు గంటల నియమం క్రమంగా పక్కకు పోయింది. కానీ ఆ నడుమ చాలా బళ్లలో ద్విభాషా బోధన చితికిపోయింది.

ఇక్కడ నా వాదనకు ఎదురయ్యే రెండో అభ్యంతరం చూడాలి. 2008లో ఆ ఆదేశం ఇచ్చిన విద్యామంత్రి మేరియన్ స్క్రిమ్‌జర్ స్వయంగా ఆదివాసి, తివి దీవుల మూలాలున్న నాయకురాలు. అధికారం ఆదివాసి చేతిలో ఉంటే చాలన్న మాట అక్కడే వీగిపోయింది కదా అని అడగవచ్చు. వీగిపోలేదు, దానితో ఆ మాటకు సరైన అర్థం తేలింది. పైకుర్చీలో ఆదివాసి మనిషి కూర్చోవడం వేరు, బడి ఉన్న ఊరికి ఆ బడి మీద మాట ఉండడం వేరు. మంత్రికి కూడా చేతిలో ఉన్నవి టెరిటరీ మొత్తానికి ఒకే కొలత, ఒకే ఆదేశం. యిర్కలకు అందులో మాట లేదు. అయినా ఆ బడి నిలిచింది. ఎందుకంటే అప్పటికి ఇరవై ఏళ్లుగా అక్కడ పట్టా ఉన్న యోల్ంగు టీచర్లు ఉన్నారు, సొంత పుస్తకాలు ఉన్నాయి, గల్త పద్ధతి ఉంది, పెద్దల అండ ఉంది. ఆదేశాన్ని వాళ్లు బహిరంగంగా ఎదిరించారు. ఈ మూలధనం లేని బళ్లలో ప్రభుత్వ కాగితం మారగానే బోధన మారిపోయింది. ఒకే ఆదేశం, రెండు రకాల ఫలితం. తేడా ఆ ఊరి చేతిలో ఏముందన్నదానిలో ఉంది.

మూడో అభ్యంతరం యునుపింగు గురించే. పేరున్న కుటుంబంలో పుట్టిన అసాధారణ ప్రతిభావంతుడు, పైగా ప్రిన్సిపాల్ కుర్చీలో ఎక్కువకాలం లేడు, 1991లో యోతు యిండి పాట ట్రీటీ దేశమంతా మోగాక వేదికల మీదికి వెళ్లిపోయాడు, ఒక్కడి కథ నుంచి సాధారణ సూత్రం ఎలా తీస్తారు అని. ఆయన ప్రతిభ మామూలుది కాదు, నిజమే. 1992 సంవత్సరానికి ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్ గౌరవం అందుకున్నాడు. కానీ ఆయన త్వరగా కుర్చీ దిగడమే ఈ వాదనకు పెద్ద పరీక్ష. ఒక్కడి మీదే ఆధారపడిన సంస్కరణ ఆ ఒక్కడితోనే పోతుంది. యిర్కలలో అది జరగలేదు. రేమట్జ మారిక ఆ ఆలోచనను అధ్యయనంగా మలిచి, 1998లో ప్రతిష్ఠాత్మకమైన వెంట్‌వర్త్ ఉపన్యాసం ఇచ్చింది. 2008లో ఆమె చిన్న వయసులోనే చనిపోయింది. యునుపింగు భార్య యల్మయ్ నలభై ఏళ్లపాటు ఆ బడిలోనే చదువు చెప్పి, 2024లో దేశపు ఉత్తమ వయోధిక పౌరురాలి గౌరవం అందుకుంది. మెర్కియవుయ్ గనంబార్-స్టబ్స్ ఆ బడికి నాయకత్వం వహించింది. వరస తెగలేదంటే కారణం నాయకుడి గొప్పతనం ఒక్కటే కాదు. నాయకులు తయారయ్యే ఏర్పాటు ఊళ్లోనే ఉండడం అసలు కారణం.

దేశంలో మరో మూల నుంచి వచ్చే ఆధారం కూడా ఇదే చెబుతుంది. క్వీన్స్‌లాండ్‌లోని షెర్బోర్గ్ పాత ప్రభుత్వ సెటిల్‌మెంటు. వేరువేరు జాతుల ఆదివాసుల్ని బలవంతంగా తెచ్చి కుదేసిన చోటు. అక్కడ పిల్లల భాష ఆదివాసి ఇంగ్లిషే, యిర్కలలా ద్విభాషా బోధనకు ఆస్కారం తక్కువ. 1998లో క్రిస్ సారా ఆ బడికి తొలి ఆదివాసి ప్రిన్సిపాల్‌గా వచ్చాడు. ఆదివాసి పిల్లల నుంచి ఇంతకంటే ఆశించలేమన్న టీచర్ల ధోరణిని నిలదీశాడు. ఊరివాళ్లను బడి పనుల్లోకి తెచ్చాడు. గట్టిగా, తెలివిగా ఉండడమే ఆదివాసిగా ఉండడమని పిల్లలకు నేర్పాడు. హాజరు, చదువు రెండూ స్పష్టంగా మెరుగుపడ్డాయి. మాతృభాష బోధన లేనిచోట కూడా మార్పు సాధ్యమైందంటే, యిర్కలలోనూ షెర్బోర్గ్‌లోనూ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతకాలి. రెండుచోట్లా పిల్లల నుంచి ఏం ఆశించాలో తేల్చే మాట ఆదివాసుల చేతికి వచ్చింది. భాష గొప్ప సాధనమే. ఆ సాధనాన్ని ఎవరు, దేనికోసం వాడాలో చెప్పే హక్కు దానికంటే ముందుండాలి.

ఫలితం ఏమిటన్న ప్రశ్నకు యిర్కల జవాబు ఆలస్యంగా వచ్చింది. 2020లో ఆ బడి నుంచి ఎనిమిదిమంది విద్యార్థులు పన్నెండో తరగతి పూర్తిచేసి, విశ్వవిద్యాలయ ప్రవేశానికి కావలసిన ర్యాంకులు తెచ్చుకున్నారు. ఆ ఊరి నుంచి అలా చేసిన తొలి జట్టు అదే. వాళ్లు రెండు భాషల్లోనూ చదివి అక్కడికి చేరారు. ఎనిమిది చిన్న సంఖ్య అనేవాళ్లు ఉంటారు. చిన్నదే. మారుమూల ఆర్నెమ్ ల్యాండ్‌లో ఇళ్ల ఇరుకు, పిల్లల చెవి జబ్బులు, కిడ్నీ జబ్బులు, తరచూ వచ్చే చావుల దుఃఖం, ఇవన్నీ హాజరును దెబ్బతీస్తాయి. వీటిని ఏ పాఠ్యప్రణాళికా ఒక్కటే తీర్చలేదు. యునుపింగు కూడా కిడ్నీ జబ్బుతో 56 ఏళ్లకే చనిపోయాడు. పెత్తనం ఊరి చేతికొస్తే అన్నీ బాగైపోతాయని నేను అనడం లేదు. పెత్తనం లేకుండా డబ్బు, పరీక్షలు, పథకాలు ఎన్ని గుమ్మరించినా అవి ప్రభుత్వం మారినప్పుడల్లా మొదటికి వస్తాయంటున్నాను. యాభై ఏళ్లలో అది రెండుసార్లు కళ్లముందే జరిగింది.

ఈ చరిత్ర నుంచి చేయవలసిన పనులు మూడు తేలతాయి. ఊరు వదలకుండా ఉపాధ్యాయ పట్టా చదివే దారిని, ఒక ప్రభుత్వం పెట్టి మరో ప్రభుత్వం తీసేసే పథకంగా కాక, శాశ్వత ఏర్పాటుగా ఉంచాలి. ఎందుకంటే యిర్కలను కాపాడినవాళ్లు ఆ దారిలో వచ్చినవాళ్లే. రెండోది, బడి పెద్దల మండలి మాటకు సలహా స్థాయి కాదు, నిర్ణయ స్థాయి ఇవ్వాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. యోల్ంగు జనానికి భూమి మీద హక్కు 1976లో చట్టంగా వచ్చింది, అందుకే ఏ మంత్రీ ఒక అక్టోబరు పూట కాగితం మీద దాన్ని రద్దు చేయలేడు. బడి మీద వాళ్ల హక్కుకు అటువంటి చట్టం లేదు. ఇన్నాళ్లూ అది విధానాల దయ మీద, టీచర్ల పట్టుదల మీద బతికింది. యునుపింగు తరం తమ పట్టుదలతో ఆ హక్కు ఏం సాధించగలదో రుజువు చేసి చూపింది. భూమి విషయంలో పార్లమెంటు ఒకసారి ఒప్పుకున్నదాన్ని బడి విషయంలోనూ ఒప్పుకుని చట్టం చేయడం ఇక ప్రభుత్వాల బాధ్యత.